మా మేనత్త చేసిన ఓడపెట్టె

మా మేనత్త పోయింది. రెండు వారాల కిందట పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుందట. కోడలు టీ పట్టుకొచ్చి పిలిస్తే పలకలేదు. ఝపటాపూర్‌లో నా కుట్టుషాపు షట్టర్ ఎత్తుతుండగా నాకు ఫోన్ వచ్చింది. "అక్కా, అత్తమ్మ లెగట్లేదు" అని ఒక్క మాట అంది ఆ పిల్ల. షట్టర్ మళ్ళీ దించి ఆటో ఎక్కి నేను సుభాష్‌పల్లి చేరేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. గుండె ఆగిపోయిందన్నాడట. డెబ్బై దాటిన మనిషి. ఎవరిచేతా మంచం మీద చేయించుకోను అని ఎప్పుడూ అనేది. అన్నమాట నిలబెట్టుకుంది.

ఆవిడ పేరు మీలో చాలామందికి తెలియదు. మా వీధి బెంగాలీలు "మిస్త్రీ దీదీ" అనేవారు. తెలుగువాళ్ళకి వర్క్‌షాపు అత్త. ఇంకొందరికి మాత్రం చెరువులో పెట్టె ముంచిన ముసలమ్మగా గుర్తుండి ఉంటుంది. ఆ వీడియో ఖరగ్‌పూర్‌లో చాలా ఫోన్లలో తిరిగింది. చూసి మీరూ నవ్వే ఉంటారు, తప్పు లేదు. కానీ దానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో ఆ వీడియోలో లేదు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా తాత, అంటే ఆవిడ తండ్రి, సోంపేట అవతల సముద్రపు ఒడ్డున నావలు కట్టే వడ్రంగి. ఒకసారి పక్క రేవులో పని ఉందని పనిముట్ల పెట్టె నావలో పెట్టుకుని బయలుదేరాడు. దారిలో గాలివాన పట్టుకుంది. తాత ఒక పలకను పట్టుకుని ఒడ్డుకొచ్చాడు. పెట్టె రాలేదు. ఆ పెట్టెలో ఉన్నవి వాళ్ళ నాన్న, తాత వాడిన ఉలులు, బాడిసెలు. అలాంటివి మళ్ళీ చేతికి పట్టవని ఆయన నావల పనే మానేశాడు. బావమరిది ఇక్కడ రైల్వేలో ఉంటే ఆ ఆసరాతో పెళ్ళాన్నీ, మా అత్తనీ, మా నాన్ననీ తీసుకుని ఖరగ్‌పూర్ వచ్చి వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. మేం ఈ ఊరివాళ్ళం అయింది అలాగ. ఇక్కడికొచ్చాక ఆయన ఇంట్లో పిల్లలకి బొమ్మలు, పీటలు చేసేవాడు. పక్కన కూర్చుని చూసింది మా నాన్న కాదు, మా అత్త. కర్రను పట్టుకోవడం ఆవిడకి అలా వచ్చింది.

పెళ్ళి కూడా ఈ ఊళ్ళోనే అయింది. మావయ్య వర్క్‌షాపులో పనిచేస్తూ జ్వరమొచ్చి పోయాడు. కొడుకు అప్పటికి చిన్న క్లాసుల్లో ఉన్నాడు. భర్త పోయినవాళ్ళకి రైల్వేవాళ్ళు ఉద్యోగం ఇస్తారు కదా, ఆవిడని పిలిచి ఆఫీసులో ఫైళ్ళు అందించే పని ఉందన్నారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి అదే ఇచ్చేవారు. ఆవిడ నిలబడి, నాకు కర్రపని తెలుసు, తెలిసిన పని ఇయ్యండి అని అడిగింది. ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. బోగీల కర్రపని జరిగే షాపుకి పంపి, ఒక కిటికీ పలక చేయించి చూశాడు. ఆ వారమే అక్కడ చేర్చుకున్నారు. మొదట్లో మగవాళ్ళు రంపం అందివ్వడానికి కూడా మొహమాటపడ్డారట. తర్వాత ఆవిడ రంపం ముట్టుకోవడానికి మొహమాటపడ్డారు. ఈ మాట ఆవిడే చెప్పుకునేది, నవ్వుతూ. తన పని గొప్పదని చెప్పుకోవడానికి ఆవిడకి సిగ్గుండేది కాదు. నాకు ఆవిడలో నచ్చింది అదే.

జుట్టు ముడిలో పెన్సిల్ ఉండేది. పెళ్ళిళ్ళకి పట్టుచీర కట్టుకొచ్చినప్పుడు కూడా తీసేది కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపునో టేబులునో వేలి కణుపుతో కొట్టి వినేది. తర్వాతే కుశల ప్రశ్నలు. నా షాపులో బట్ట కత్తిరించే బల్ల కొంచెం ఊగుతుండేది. నేను కాలి కింద అట్టముక్క పెట్టుకుని సరిపెట్టుకున్నాను. ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు నిలబడి ఉండగానే ఆవిడ సంచిలోంచి చిత్రిక పట్టే రందా తీసి, బల్ల తిరగేయించి, కాళ్ళు సమం చేసి, నిలబెట్టి వెళ్ళిపోయింది. "అట్టముక్కలెట్టి బతకడం అలవాటు సేసుకోకు" అంది గుమ్మం దిగుతూ. ఆ మాట బల్ల గురించే అన్నదో, నా గురించి అన్నదో అప్పుడు నాకు తెలియలేదు. రెడీమేడ్ దుకాణాలు పెరిగి బేరాలు తగ్గాయని షాపు ఎత్తేద్దామా అనుకుంటున్న రోజులవి. ఎత్తలేదు.

ఇక పెట్టె సంగతి.

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీకి జపాను నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. ఆయన భార్య కర్టెన్లు కుట్టించుకోవడానికి నా షాపుకి వచ్చేది. ఆవిడకి హిందీ కొద్దిగా వచ్చు, నాకు కొద్దిగా వచ్చు. అందుకే మాకు బాగా కుదిరింది. ఒకరోజు ఆవిడ ముఖం దిగులుగా ఉంటే ఏమిటని అడిగాను. వాళ్ళ మామగారు ఆ ఏడాదే చనిపోయారట. పాత ఇల్లు అమ్మేస్తూ, తాతల నాటి ఒక పెట్టెను మాత్రం వదల్లేక వెంట తెచ్చుకున్నారు. మామగారి ఫోటోనూ, ఆయన పేరు రాసిన చిన్న చెక్కనూ బట్టలో చుట్టి ఆ పెట్టెలో పెట్టారు. వాళ్ళ ఆచారంలో ఆ చెక్క ముందే దండం పెడతారు. మన వానాకాలానికి పెట్టె తలుపు బిగుసుకుపోయింది. తాళం తిరుగుతోంది గానీ తలుపు కదలదు. బజారు నుంచి ఎవరినో పిలిస్తే అతను గడ్డపలుగు పెట్టి ఎత్తబోయాడు. కింది అంచు చిట్లింది. ఇక వెనకనుంచి కోయడమే దారి అన్నాడు. చలికాలంలో మామగారి సంవత్సరీకం. పెట్టెను కోయడానికి ఆవిడ భర్తకి మనసు రాదు. కోయకపోతే తండ్రి ముందు నిలబడి దండం పెట్టుకోలేడు.

నేను ఆవిడని అక్కడినుంచే ఆటోలో మా అత్త దగ్గరికి తీసుకెళ్ళాను. మర్నాడు ఆదివారం ఆయన, డ్రైవరు కలిసి పెట్టెను దించారు. పెద్దదేమీ కాదు, నడుము ఎత్తు కూడా లేదు. బరువు మాత్రం ఇద్దరు మనుషులు మోయాలి. ముందువైపంతా నల్లటి ఇనప పట్టీలు, వాటిమీద తీగలు తీగలుగా చెక్కడం. పైభాగానికి ఒకే పలక తలుపు. దాన్ని పైకెత్తి ముందుకు లాగాలి. కింద సొరుగులు. వాళ్ళ భాషలో ఫునాదాన్సు అంటారట, ఓడపెట్టె అని అర్థం. ఆయన పూర్వీకులు ఓడల మీద సరుకులు వేసుకుని రేవు రేవుకీ తిరిగే వర్తకులు. ఓడ కాగితాలు, ముద్రలు, విలువైనవన్నీ ఈ పెట్టెలోనే ఉండేవి.

అత్త దాని చుట్టూ తిరిగింది. కణుపుతో నాలుగు వైపులా కొట్టింది. చిట్లిన అంచు దగ్గర చేయి పెట్టి, సొంత పిల్లకి దెబ్బ తగిలినట్టు నాలుక చప్పరించింది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. తర్వాత ఆయనకేసి తిరిగి హిందీలోనూ, మధ్యమధ్య నాకు తెలుగులోనూ చెప్పింది.

"దీనికి జబ్బేటీ లేదు. మన వాన పీల్చుకుని ఉబ్బినాది, అంతే. సలిగాలి తిరిగినాక దానంతటదే ఒదులౌతాది. ఆళ్ళ నాన్న రోజుకి ముందే తలుపు తీయిస్తానని సెప్పు."

ఆయన చిట్లిన అంచు మీద ఒకసారి చెయ్యి వేశాడు. తర్వాత నడుము వంచి దండం పెట్టి, పెట్టెను అక్కడే వదిలి వెళ్ళాడు.

అలా ఆ పెట్టె మా అత్త ముందుగదిలో ఇటుకల మీద, గోడకి దూరంగా కూర్చుంది. ఎండ తగలనిచ్చేది కాదు, బల్బు వేడి కూడా పనికిరాదనేది. తొందరపడి ఎండబెడితే బీటలిస్తుందట. రోజూ కొంచెం కొంచెం తిప్పేది, అన్ని వైపులా గాలి సమంగా తగలాలని. తన మోకాలి ఎక్స్‌రే ఫిల్ములోంచి సన్నటి ముక్క కత్తిరించుకుంది. రోజూ పొద్దున్న ఆ ముక్కను తలుపు సందులో దూర్చి చూసేది. మొదట్లో గోరంత కూడా దూరలేదు.

దుర్గాపూజలు వచ్చాయి, వెళ్ళాయి. వీధిలో ప్రతివాళ్ళూ పెట్టె చూడ్డానికి వచ్చారు. కొందరు నవ్వారు. మా బావకి, అంటే ఆవిడ కొడుక్కి, భయం పట్టుకుంది. అతనూ రైల్వేలోనే గార్డు, ఒకరి వస్తువు ఇంట్లో ఉంటే నిద్రపట్టని మనిషి. నేను వెళ్ళేసరికి ఒకరోజు తల్లీకొడుకులు దాని గురించే మాట్లాడుకుంటున్నారు.

"తెరుసుకోకపోతే ఏటి సేస్తావమ్మా? ఆ పెద్దమనిషికి ఏటని సెప్తావు?" అన్నాడు బావ.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "తెరుసుకోకపోతే అప్పుడు కోద్దాం. ఆగినోడు ఎప్పుడైనా కోయగలడు. కోసేసినోడు మళ్ళీ ఆగలేడు" అంది.

అది మొండితనం కాదు, నమ్మకం. రెండింటికీ తేడా ఆవిడని చూసే తెలుసుకున్నాను. మొండివాళ్ళు ఎదుటివాళ్ళతో వాదిస్తారు. మా అత్త రోజూ పొద్దున్న ఎక్స్‌రే ముక్క పట్టుకుని పెట్టెనే అడిగేది.

కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున్న ఉత్తరపు గాలి పెదాలు పగిలేంత పొడిగా వీచింది. ఎక్స్‌రే ముక్క తలుపు సందులో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. ఆవిడ నన్ను పిలిపించింది. నా కళ్ళముందే రెండు వేళ్ళతో తలుపును వెంట్రుకవాసి ఎత్తి, వెంటనే మళ్ళీ దించేసింది. తీయొచ్చు కదా అన్నాను.

"లోపలున్నది ఆళ్ళ నాన్న. ముందు ఆయనే సూడాల" అంది.

ఆ సాయంత్రం ఆయన ఆఫీసు బట్టల్లోనే వచ్చాడు, భార్యతో. తలుపు ఆయన చేతులతోనే ఎత్తాడు. చెక్కకి చెక్క రాసుకున్న చిన్న శబ్దం చేసి అది చేతిలోకి వచ్చింది. లోపల ఊదారంగు బట్టలో మూట అలాగే ఉంది. ఆయన దాన్ని రెండు చేతులా తీసుకుని, మా అత్త ముందుగది నేల మీదే మోకాళ్ళమీద కూర్చుని, నుదురు నేలకి ఆన్చాడు. మేమందరం ఏం చేయాలో తెలియక నిలబడిపోయాం. అత్త మాత్రం వెళ్ళి దేవుడి దగ్గర నుంచి ఒక అగరొత్తి వెలిగించి తెచ్చి ఆ మూట పక్కన పెట్టింది. సంవత్సరీకం వాళ్ళు సమయానికి చేసుకున్నారు.

చిట్లిన అంచుకి ఆవిడ పాత బోగీ కిటికీలోని టేకు ముక్క అతికి ఇచ్చింది. పెట్టెను తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు ఆయన టీ తాగుతూ ఒక మాట చెప్పాడు. తుపానులో ఓడ మునిగేటప్పుడు ఈ పెట్టెలను సముద్రంలోకి తోసేవారట. మునగకుండా తేలి, ఎప్పటికో ఏదో ఒడ్డు చేరేవట. లోపల వస్తువులు పొడిగా ఉండేవట. నిజమేనా అని అత్త అడిగింది. అలా అంటారు, మా ఇంట్లో ఎవరూ చూడలేదు అన్నాడాయన. ఆవిడ మళ్ళీ అడిగింది. ఆయన అదే చెప్పాడు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ ఖాళీ అయిన ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. నేను గ్లాసులు తీస్తుంటే అంది:

"మా అయ్య పెట్టి అలాటిదైతే తేలుండునేటో. తేలుంటే మనమెవుళమూ ఈ ఊరు వొచ్చుండం. నాకు దానికి బాధేటీ లేదు. కానీ తేలుతాదో లేదో తెలుసుకోవాల."

తెలుసుకోవడమంటే ఆవిడకి చేసి చూడటమే. పెట్టె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని కొలతలన్నీ ఆవిడ మనసులో వేసుకుంది. మూలల్లో పలకలు ఒకదానిలో ఒకటి ఎలా దిగాయో, లోపలి అర బయటి పెట్టెకి తగలకుండా ఎలా కూర్చుందో వేళ్ళతో తడిమి పెట్టుకుంది. బయటికి పాత టేకు. లోపలికి వాళ్ళు కిరి అనే తేలిక కర్ర వాడతారట. మనకి అది లేదు కాబట్టి గుమ్మడి టేకు తెచ్చింది, ఇక్కడివాళ్ళు గామార్ అంటారు. ఇనప పట్టీలు కమ్మరి దాదా కొట్టిచ్చాడు. రంపానికి ఒక చివర ఆవిడ. రెండో చివర పట్టుకోవడానికి మనిషి కావాలి. బావ డ్యూటీలకి పోతాడు. కోడలు పలాస వైపు పిల్ల, ఎవరన్నా గట్టిగా మాట్లాడితే వంటింట్లోకి వెళ్ళిపోయే రకం. వేరే ఎవరూ లేక ఆ పిల్లే రంపం పట్టుకుంది. మొదట్లో ఊరికే పట్టుకుంది. కొన్నాళ్ళకి, అత్తమ్మా, ఇటు కొంచెం వాలింది అని తనే చెప్పడం నేను విన్నాను. అత్త చూసి, నిజమే అని సరిచేసింది. ఆ రోజు కోడలి ముఖం చూడాల్సింది.

శివరాత్రి వెళ్ళాక పెట్టె పూర్తయింది. వీధి వెనక చెరువులో వేసి చూద్దామంది అత్త. ఆ చెరువులో చేపలు పెంచే దాదా మొదట ఒప్పుకోలేదు, వలలు పాడవుతాయని. ఆవిడ ఆయన డింగీ పడవ పలకలు బాగుచేసి ఇస్తే ఒప్పుకున్నాడు. మొత్తానికి ఒక ఆదివారం జనం పోగయ్యారు. పెట్టెను ఒడ్డునుంచి తోశారు. తేలింది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే ఒక పక్కకి ఒరిగింది. ఇంకా ఒరిగింది. ఎవరో నిమజ్జనంలో శంఖం ఊదినట్టు నోటితో కూశారు. బుడగలు వచ్చి పెట్టె అడుగుకి పోయింది. మీరు చూసిన వీడియో అదే.

తాళ్ళు కట్టి పైకి లాగారు. జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అత్త ఒడ్డునే కూర్చుని తలుపు తీసి, నీళ్ళు పారబోసి, లోపల చేయి పెట్టి మూల మూలా తడుముతోంది. బావ ఎర్రబడ్డ ముఖంతో వచ్చాడు. స్టేషన్లో అప్పటికే ఎవరో ఫోన్ చూపించారట. ఇక చాలించమన్నాడు. ఈ వయసులో నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకన్నాడు. అతను కోపంతో అనలేదు, తల్లి కోసమే బాధపడ్డాడు. అత్త తలెత్తి ఏదో చెప్పబోయింది. అంతలో కోడలు మాట్లాడింది. ఆ పిల్ల భర్తకి ఎదురు చెప్పగా నేను అంతకుముందు వినలేదు.

"నీరు ఎక్కణ్ణించి దూరినాదో అత్తమ్మకి తెలిసిపోనాది. కింద ఎడమ మూల. అది నాను కోసిన మూలే. మళ్ళీ నానే కోస్తాను, ఇంకోపాలి ఏద్దాం. నవ్వినోళ్ళని కూడా పిలండి."

బావ ఆమెకేసి చూశాడు. తల్లికేసి చూశాడు. వంగి పెట్టె రెండో పక్క పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి దాన్ని ఇంటికి మోసుకెళ్ళారు.

రెండోసారి వేసింది బెంగాలీల కొత్త సంవత్సరం రోజున. అందరికీ సెలవు కాబట్టి మొదటిసారికంటే ఎక్కువమంది వచ్చారు. నవ్వినవాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు. జపాను ఇంజినీరు, భార్య కూడా వచ్చారు, ఎండకి టోపీలు పెట్టుకుని. ఈసారి ఉత్త పెట్టె కాదు. సరుకు బరువు ఉండాలని కింది సొరుగుల్లో ఇసుక సంచులు పెట్టింది. పై అరలో ఒక గుడ్డ సంచి నిండా ముడీ, అంటే మన మరమరాలు, పోసి పెట్టింది. తడి తగిలిందో లేదో మరమరాలే చెబుతాయంది. చేపల దాదా డింగీలో పెట్టెను చెరువు మధ్యకి తీసుకెళ్ళి, మా అత్త ఒడ్డునుంచి చెయ్యి ఊపగానే నీళ్ళలోకి తోసేశాడు.

అది నిలువునా మునిగిపోయింది. ఒడ్డున ఈసారి ఎవరూ నవ్వలేదు. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత నల్లటి ఇనప మూల ఒకటి నీళ్ళలోంచి పైకి వచ్చింది. పెట్టె ఒకసారి పక్కకి తిరిగి, సర్దుకుని, సగం మునిగి సగం తేలుతూ నిలబడింది. మేం ఎదురుచూశాం. ఒరగలేదు. చిన్న గాలి వచ్చి దాన్ని మెల్లగా అవతలి ఒడ్డువైపు తోసుకుపోతుంటే జనమంతా గట్టు వెంట దానితో పాటు నడిచారు. మా అత్త అందరికంటే ముందు నడిచింది, మోకాలి నొప్పి మర్చిపోయి. గుర్రపుడెక్క దగ్గర అది ఆగింది. ఎవరూ చెప్పకుండానే మా బావ కొత్త చొక్కాతో రొమ్ములోతు నీళ్ళలోకి దిగి దాన్ని ఒడ్డుకి లాక్కొచ్చాడు.

కింది సొరుగుల్లో కొద్దిగా నీరుంది. అత్త పై తలుపు ఎత్తింది. గుడ్డ సంచి బయటికి తీసి, విప్పి, నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. కరకరమన్న చప్పుడు పక్కనున్న నాకు వినబడింది. ఆవిడ నమిలి మింగి, ఎవరితోనూ కాదన్నట్టు, "మా అయ్యకి సెప్పాల" అంది.

కళ్ళు తుడుచుకోలేదు. వెంటనే సంచి జనంకేసి చాపి, ఎవరింట్లో ఆవనూనె, పచ్చిమిరపకాయలు ఉన్నాయో తెమ్మంది. ఆ గట్టు మీదే ముడీ కలిపి అందరికీ పంచింది. మొదటి పిడికెడు చేపల దాదాకి, రెండోది తనని చూసి ఎక్కువ నవ్వినాయనకి. జపాను ఇంజినీరు కాగితం పొట్లంలో పెట్టుకుని తింటూ, మిరపకాయకి కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, మా పెద్దవాళ్ళు అన్నమాట నిజమని నాకు ఇక్కడే తెలిసింది అన్నాడు. ఆ మాట ఆయన భార్య మాకు హిందీలో చెప్పింది. ఆ వీడియో కూడా ఎవరో తీశారు. అది అంతగా తిరగలేదు. పడిపోయినవాళ్ళని చూసినంత సరదా నిలబడ్డవాళ్ళని చూడటంలో ఉండదు కాబోలు. మా అత్త దానికి కూడా ఏమీ అనుకోలేదు. చూడాల్సినవాళ్ళు చూశారంది.

ఆ దంపతులు మరుసటి ఏడాది వాళ్ళ దేశం వెళ్ళిపోయారు, పెట్టెతో సహా. అత్త పోయిందని నేను ఫోన్‌లో తెలియజేస్తే, ఆవిడకి కూడా వాళ్ళ తండ్రి పక్కన ఒక అగరొత్తి పెట్టామని జవాబు వచ్చింది.

ఆవిడ దగ్గర నేను వడ్రంగం నేర్చుకోలేదు. నేర్చుకున్నది మరొకటి. ఏదైనా బిగుసుకుపోతే పలుగు కోసం వెతకను, గాలి మారేదాకా చూస్తాను. మునిగితే ఏ మూల కారిందో చూస్తాను. నా షాపులో ఇద్దరు అమ్మాయిలు పని నేర్చుకుంటున్నారు. కుట్టు తప్పిపోతే వాళ్ళు భయపడి దాచేస్తారు. తెచ్చి చూపించమంటాను. తప్పు ఎక్కడుందో చూపించిన గుడ్డను అవతల పారేయకూడదని మా అత్త చెరువు గట్టున కూర్చుని నాకు నేర్పింది.

పోయేముందు ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఇంకో పెట్టె తయారవుతోంది. అది కోడలిది. "ఇది నీకోసం నువ్వే సేసుకో, రంపం రెండో సివర నాను పడతాను" అందట అత్త. అన్ని పలకలూ ఆ పిల్లే కోసింది, అన్ని మూలలూ తనే దించింది. ఆవిడ పోయే రోజుకి ఒక్క సొరుగు మిగిలింది.

కర్మకాండలు అయిపోయాక నిన్న మధ్యాహ్నం నేను వెళ్ళాను. చుట్టాలు వెళ్ళిపోయారు, ఇల్లు ఖాళీగా ఉంది. ముందుగదిలో పెట్టె ముందు కోడలు కూర్చుని ఆ ఆఖరి సొరుగుకి రందా పడుతోంది. బావ నేలమీద కూర్చుని పెట్టె కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె సొరుగును ఎత్తి, అంచులు ఊది, దాని చోట్లో పెట్టి, అరచేత్తో నెమ్మదిగా లోపలికి తోసింది. అది ఎక్కడా తట్టుకోకుండా చివరిదాకా వెళ్ళింది. వెళ్ళేసరికి పైన మూసి ఉన్న సొరుగు, ఎవరూ ముట్టుకోకుండానే, బెత్తెడు బయటికి వచ్చింది. లోపలి గాలికి పోవడానికి ఎక్కడా సందు లేదు, అంత గట్టిగా కుదిరింది. కోడలు ఆశ్చర్యపోయి పై సొరుగును తోసింది. కిందది బయటికి వచ్చింది. కిందది తోసింది, పైది వచ్చింది. అలా తోస్తూనే ఉంది, ఒకదాని తర్వాత ఒకటి, మెల్లగా, నవ్వుతూ.